నాలుగడుగులు

ఆ సుత్తి తల కంపెనీది. పిడి మాత్రం ఫిట్టరుది. పాత పిడి విరిగినప్పుడు గట్టి కర్ర తెచ్చి, గాజుపెంకుతో గీకి, తన వేళ్లకు సరిపడా గుంటలు తీసుకున్నాడు. ఇరవై రెండేళ్లు దాన్ని ఇంకొకడి చేతికి ఇవ్వలేదు.

షెడ్డులో పనిముట్లన్నీ గోడ మేకులకు వేలాడతాయి. ఒక్కోదాని వెనక దాని ఆకారం తెల్లరంగుతో గీసి ఉంటుంది. ఏది లేకపోయినా గోడే చెప్పేస్తుంది. పనిలోంచి దిగిపోయే రోజు, ఆఖరి గంట కొట్టాక, ఫిట్టరు సుత్తిని తీసి సంచిలో వేసుకున్నాడు. గుమ్మం వైపు నాలుగడుగులు వేశాడు. మనసొప్పలేదు. వెనక్కి వచ్చి మళ్లీ మేకుకు తగిలించాడు.

కిటికీలోంచి చూసిన కాపలావాడు అప్పటికే పుస్తకంలో రాసేశాడు. వాడు ఫిట్టరుకు స్వయానా బావమరిది. మూడు నెలలుగా పనిముట్లు మాయమవుతున్నాయి. ఎవడో ఒకడు దొరికితే చాలని మేనేజరు కాచుకుని ఉన్నాడు.

"ఆ రాసింది కొట్టెయ్యలేకపోయావురా?" అన్నాడు ఫిట్టరు.

"పేజీలకి నంబర్లున్నాయి బావా. తిరిగి పెట్టావని కూడా రాశాగా."

మేనేజరు పోలీసు కేసు పెట్టాడు. గుమ్మమైనా దాటలేదు కదా అన్నాడు ఫిట్టరు వకీలుతో. వకీలు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"దాటక్కర్లేదు పెద్దాయనా. కాజేద్దామన్న బుద్ధితో మేకు మీంచి జానెడు కదిపినా దొంగతనం అయిపోయినట్టే. తిరిగి పెట్టడం తర్వాత సంగతి. అందుకని, తుడుద్దామని తీశానని చెప్పు. బయటపడతావు."

"సంచిలో పెట్టి తుడుస్తారా ఎవరైనా?"

"నీకెందుకయ్యా అదంతా? నేను చూసుకుంటాను."

వాయిదా రోజు పొద్దున్న భార్య చేతులు పట్టుకుంది, దొంగ పెళ్లాం అనిపించొద్దని. మెజిస్ట్రేటు నేరుగా అతన్నే అడిగాడు.

"ఎందుకు తీశావు?"

ఒక్క అబద్ధం చాలు. కానీ ఇరవై రెండేళ్లలో ఆ పిడిని అతను ఒక్కసారీ తుడవలేదు. చెమట ఇంకిన కర్రకే పట్టుంటుంది. పని తెలిసినవాడెవడూ తుడవడు.

"ఇంటికి పట్టుకుపోదామనే తీశానండి," అన్నాడు.

వకీలు కాగితాలు మూసేశాడు.

కోర్టు లేచేదాకా శిక్ష. అంటే సాయంత్రం దాకా ఆ బల్ల మీద కూర్చోవాలి. ఇంతటితో పోయిందని వకీలు సంబరపడ్డాడు. కాగితం మీద మాత్రం దొంగ అన్న మాట ఉండిపోతుంది.

మధ్యాహ్నం బావమరిది వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

"పోలీసులు ఫొటో తీసుకుని సుత్తి అప్పుడే కంపెనీకి ఇచ్చేశారు బావా. నీ పిడి కొత్తవాడి చేతికి నప్పలేదంట. ఊడదీసి ఇంకోటి వేయించారు. నీది గేటు పక్క చెత్తలో పడుంది. సాయంత్రం పట్టుకొస్తాను."

ఫిట్టరు వాడి వైపు తిరగలేదు.

"ఆ చెత్త ఎవరిదిరా?"

"కంపెనీదే."

"అయితే ముట్టుకోకు. జానెడు చాలంట."