ఇరవై నాలుగు చుట్లు

బెంగళూరు పీణ్యలోని ఆ చిన్న వర్క్‌షాపులో ఉగాది నుంచి అందరిదీ ఒకటే మాట, రామాంజినప్పకు కళ్ళు నెత్తికెక్కినాయని. పిలిస్తే పలకడు. పక్కన పెట్టిన టీ చల్లారిపోయినా ముట్టడు. పనిలో ఉన్నంతసేపూ పెదాలు మాత్రం ఆడతా ఉంటాయి. పోనీలే, రామనామం పట్టుకున్నాడేమో అని పక్క బల్ల మీద అంచులు అరగదీసే సుశీల ఆయన తరఫున సర్దిచెప్పేది.

రామనామమూ లేదు, పాడూ లేదు. ఆయన చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

షుగరొచ్చి ఆయన వేళ్ళు మొద్దుబారినాయి. ముప్పై ఏండ్లు అన్నం పెట్టిన వేళ్ళు! అల్యూమినియం చూడ్డానికే మెత్తన, పట్టిందంటే వదలదు. బోల్టు పట్టేట్టు బెజ్జంలో మర తీయాలంటే, ట్యాప్ అనే మరల కడ్డీని హ్యాండిల్‌తో అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పాల, కిరసనాయిలు పోస్తా ఉండాల. లేకుంటే తుక్కు జిగురు మాదిరి పట్టుకొని ట్యాప్ పుటుక్కున విరుగుతుంది. ఎప్పుడు బిగుసుకుంటోందో చెప్పేది వేళ్ళే. అవి చెప్పడం మానేసినాక ఆయన లోతును చుట్లలోకి మార్చుకున్నాడు. ఇక్కడ చేసే అల్యూమినియం పలకలకైతే బెజ్జానికి ఇరవై నాలుగు. ఆపైన తిప్పితే అడుగు తగిలి విరిగేదే. ఈ సంగతి పెండ్లానికి కూడా చెప్పలేదు. ఓనరు గిరీష్‌కు తెలిస్తే బల్ల దగ్గర నుంచి లేపి గేటు కాడ కూర్చోబెడతాడు. ఇన్నేండ్లు ట్యాప్ హ్యాండిల్ పట్టిన చేత్తో విజిల్ పట్టుకోవడమా అని ఆయన దిగులు.

ఆ శనివారం పలకకు ముప్పై ఆరు బెజ్జాలు. నాలుగు దినాలు మిల్లింగ్ చేసిన పలక, సాయంత్రం బండి వస్తుంది. ఒక్క ట్యాప్ లోపల విరిగితే అంతా పాత సామాన్లకే. ముప్పై ఐదు ముగిసేసరికి ఆయన భుజాలు లాగేసి, నడుం పట్టేసి, ఈ జన్మకు ఇంక చాలప్పా అనిపించింది. చివరిదాంట్లో ఉండగా సుశీల చూడలేక దగ్గరికొచ్చి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, రాగి ముద్ద తెచ్చినా, రెండు తుంచుకోమని అడిగింది. ఎప్పుడూ లేంది ఆయన తలెత్తి, తింటాలేమ్మా అన్నాడు.

అంతే, లెక్క పోయింది.

ఇరవయ్యా, ఇరవై మూడా? వెనక్కి తీసి చూద్దామంటే, లోపల పట్టేసి ఉంటే వెనక్కి తిప్పినా విరగొచ్చు. ఎంత బలం పెడుతున్నాడో ఆయనకే తెలీదు. ఆయుధపూజకు కూడా ఆ హ్యాండిల్‌కు ఇంకొకరిని కుంకుమ పెట్టనియ్యని మనిషి, చేతులు తీసేసి సుశీలను పట్టుకోమన్నాడు.

ఆమె భయంభయంగా పట్టుకుని, కదిలించబోయి ఆగింది.

"అన్నా, ఇది రాయి మాదిరి ఉండాది. నీకు తెలీలేదా?"

ఆయన కిరసనాయిలు పోసి, గోరంత గోరంత వెనక్కి తిప్పమన్నాడు. చాలాసేపటికి ట్యాప్ విరక్కుండా బయటికొచ్చింది.

గిరీష్ వచ్చి ప్రతి బెజ్జంలో బోల్టు తిప్పి చూసి, రామాంజినప్ప చెయ్యంటే చెయ్యే అని భుజం తట్టినాడు. సుశీల తల వంచుకుని అంచులు అరగదీస్తా ఉండిపోయింది. నోరు మూసుకుంటే గడిచిపోయేదే. కానీ సోమవారం ఇంకో పలక వస్తుంది, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాల. ఆ ఓపిక ఆయనకు లేదు.

"చివరిదాన్ని ఈయమ్మ కాపాడింది సార్. ఉగాది నుంచి నా వేళ్ళకు ఏమీ తెలవడం లేదు. లెక్కపెట్టి తిప్పుతున్నా."

గిరీష్ చివరి బెజ్జంలోని బోల్టు వెనక్కి తీసి బల్ల మీద పెట్టినాడు. తర్వాత, సోమవారం నుంచి గేటు చూసుకోమని తల దించుకునే చెప్పి వెళ్ళిపోయినాడు.

రామాంజినప్ప హ్యాండిల్ తుడిచి సుశీల చేతిలో పెట్టినాడు.

"నువ్వు మాత్రం లెక్కపెట్టొద్దమ్మా. నీ వేళ్ళే చెబుతాయి."

ఆ తర్వాత చల్లారిన ముద్ద ముందర కూర్చుని, ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని ఏడ్చినాడు.