జమ్లి కాలి కొలత

సారక్క రెండు బూట్లనూ ఎదురెదురుగా పట్టుకొని ఠపఠపా కొట్టింది. అడుగున గుబ్బల మధ్య ఇరుక్కున్న ఎర్రమట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలి వరండా మెట్ల మీద పడింది. రాత్రి వాన, పొద్దున్నే ఆరింటికి పిల్లల ఫుట్‌బాల్ ప్రాక్టీసు. ఇంకేముంది, ఇరవై రెండు జతలూ బురదలో పొర్లిన బర్రెల్లా తయారై వచ్చాయి. పిల్లలు వీటిని స్టడ్స్ అంటారు. సారక్కకు మాత్రం ఎన్నేళ్ళొచ్చినా ఇవి గుబ్బల బూట్లే.

"నల్లా కింద పెట్టి కడిగితే అయిపాయె గద ఆయమ్మా" అని ఏటా ఎవరో ఒక కొత్త పిల్ల సలహా ఇస్తుంది.

"అట్లనే కడుగు. పదిహేను దినాలల్ల నోరు తెరుస్తది. అప్పుడు దానికి నువ్వే బువ్వ పెట్టు" అంటుంది సారక్క.

పుల్లతో మట్టి గీకాలి. పాత పళ్ళ బ్రష్షుతో కుట్ల వెంట రుద్ది తడిగుడ్డతో తుడవాలి. తాళ్ళు మొత్తం వదులు చేసి, నాలుక బయటికి లాగి, లోపల పాత పేపరు ఉండలు కుక్కి నీడన ఆరబెట్టాలి. ఎండకు పెడితే బంక ఊడుతుంది, పొయ్యి దగ్గర పెడితే తోలు బిగుసుకుపోతుంది. ఆ మధ్య పెద్ద వానల్లో ఓ పిల్ల తొందరపడి వంటగదిలో ఆరబెట్టింది. సారక్క ఆ పిల్లతో రెండు రోజులు మాట్లాడలేదు.

భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో ఉంది ఈ ఆడపిల్లల స్పోర్ట్స్ హాస్టలు. సారక్క ఇక్కడ ఆయాగా చేరి పధ్నాలుగేళ్ళు. తమాషా ఏమిటంటే, ఇన్ని బూట్లకు సేవ చేసే మనిషి కాలికి సరైన జోడు లేదు. ఆమె పుట్టిన గూడెంలో ఆడవాళ్ళు తునికాకు కోతకైనా ఉట్టికాళ్ళతోనే అడవిలోకి పోయేవాళ్ళు. ఇప్పటికీ బస్సెక్కేటప్పుడు చెప్పులు వేసుకొని, దిగగానే చేతపట్టుకుంటుంది. మడమల పగుళ్ళలో చింతగింజ పెడితే నిలుస్తుంది.

బూట్ల సంగతి ఆమెకు మొగుడి వల్ల తెలిసింది. పిచ్చయ్య బొగ్గు పనిలో ఒక కాంట్రాక్టరు కింద కూలి. ఇచ్చిన జోడు ఏ సైజుదైనా తొడుక్కోవాల్సిందే. సాయంత్రం గోళ్ళ చుట్టూ నెత్తురు గడ్డకట్టిన కాళ్ళతో ఇంటికొచ్చేవాడు. సారక్క వేడినీళ్ళు పెట్టి, బూట్లు తుడిచి, పేపర్లు కుక్కేది. "కరవని బూటు బూటే గాదే. నాలుగు దినాలు ఓర్సుకుంటె అదే సదురుకుంటది" అనేవాడు. మంచి మనిషి. దగ్గి దగ్గి పోయాడు. ఆస్తి ఏం మిగల్చలేదు కానీ ఆ మాటొకటి మిగిల్చాడు, సారక్క దాన్ని దేవుడి మాటలా పట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే పిచ్చయ్య మీద కూడా కోపం వస్తుంది.

"సారక్కా, ఖమ్మం నుంచి కొత్త బూట్లు తెప్పిస్తున్న. కొత్తపిల్ల భవానిది నెంబరు సాయంత్రంలోగ చెప్పు" అన్నాడు ఆటల మాస్టారు వీరబాబు, మెట్లెక్కుతూ. రెండడుగులేసి ఆగాడు. "ఆఁ, ఇంకోటి. జమ్లి వస్తదంట ఇయ్యాల, టీసీ తీస్కపోతానికి. బూట్లు వాపసు తీస్కొని నాకు చెప్పు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సారక్క చేతిలో బూటు గబుక్కున కింద పెట్టేసింది. మాస్టారికేం తెలుసు? ఎవరికీ తెలియదు. తెలిసింది ఇద్దరికే, తనకూ జమ్లికీ.

జమ్లి తిరుమలాయపాలెం దగ్గరి తండా పిల్ల. పదకొండేళ్ళప్పుడు వచ్చింది. ఉట్టికాలితో బంతి తంతే గోలు దగ్గర నిలబడ్డ పిల్ల పక్కకు తప్పుకునేది. నిరుడు రాష్ట్ర జట్టు సెలెక్షన్లకు ముందు కొత్త బూట్లొచ్చాయి. సారక్క ఎప్పటిలాగే చీపురుపుల్ల తీసి, బెంచీ మీద కూర్చున్న పిల్ల మడమ నుంచి బొటనవేలి దాకా పెట్టి పుటుక్కున తుంచింది. పుల్లను బూటులో పెడితే నాలుగో నెంబరు సరిగ్గా సరిపోయింది.

"ఆయమ్మా, పక్కలకు పట్టేస్తంది. ఐదు ఇయ్యవా?" అంది జమ్లి.

ఐదో నెంబరు జత పక్కనే ఉంది. డబ్బా మూత కూడా తీసే ఉంది.

"మడిమ జారుతది బిడ్డా, కాలు మడత పడ్డదంటె ఇంతే సంగతి. కొత్త బూటు కరవకుంట ఉంటదా? నాలుగు దినాలు ఓర్సుకో."

పిల్ల మళ్ళీ అడగలేదు. ఇంకొక్కసారి అడిగి ఉంటే ఇచ్చేదాన్నే అని సారక్క ఈ ఏడాదిలో ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

పదో రోజున ఖమ్మంలో సెలెక్షన్లు. సగం ఆటకే జమ్లి కూలబడింది. సాక్సు విప్పితే బొటనవేలి గోరు దాంతోపాటే ఊడొచ్చింది. ఉట్టికాళ్ళతో ఆడతానని ఏడ్చిందట, ఒప్పుకోలేదట. "ఆట ఉంది గని ఓర్పు లేదు ఈ పిల్లకు" అని చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన అన్నాడని మాస్టారే వచ్చి చెప్పాడు. ఓర్పు లేదట! పది రోజులు పంటి బిగువున పరుగెత్తిన పిల్లకు ఓర్పు లేదట!

ఆ మాట విన్నప్పుడే సారక్క నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఉద్యోగం పోతుందని కాదు. బూట్ల విషయంలో సారక్క మాటకు తిరుగులేదని హాస్టలంతా అంటుంది, ఆ పేరు పోతుందని. అంత చిన్నదానికి. ఆ పుండు మానేసరికి రెండు నెలలు పట్టింది. జట్టులో జమ్లి చోటు ఇంకో పిల్లకు పోయింది. ఎంపికై ఉంటే ఆటల కోటాలో ఇంటర్ సీటు వచ్చేది. ఇప్పుడు పది పాసై, ఖమ్మంలో బట్టల దుకాణంలో పనికి కుదిరిందట.

ఈరోజు చెప్పెయ్యాలి, తప్పు నాదేనని. ఈరోజు దాటితే ఆ పిల్ల మళ్ళీ ఎందుకొస్తుంది ఇటు? మధ్యాహ్నం వడ్డిస్తూ అదే మాట లోలోపల వల్లెవేసుకుంది. ఒకరి పెరుగన్నంలో చారు పోసింది, ఒకరికి కూర వెయ్యడమే మరిచింది. పిల్లలు నవ్వితే కసురుకుంది.

సాయంత్రం నాలుగింటికి బూట్ల గదిలో భవానిని బెంచీ మీద కూర్చోబెట్టి పుల్ల తీసింది. అప్పుడే గుమ్మంలో జమ్లి కనిపించింది. పొడుగైంది. రెండు జడలు పోయి ఒక్క జడయింది. ఒక చేతిలో టీసీ కాగితం, ఇంకో చేతిలో కవరు.

"ఏంది ఆయమ్మా, ఇంకా పుల్లేనా?"

సారక్కకు పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "అన్నం తిన్నవా?" అంది.

"బస్‌స్టాండుల తిన్న." కవరులోంచి బూట్లు తీసి బెంచీ మీద పెట్టింది. తర్వాత గోడకున్న నల్లబల్ల దగ్గర సుద్దముక్క తీసుకొని, కుడికాలి చెప్పు విడిచి, గచ్చు మీద నిలబడింది.

"కూసుంటె కాలు ముడుసుకుంటది. నిలబడితె పరుసుకుంటది. గిట్ల గియ్యాలె." వంగి తన పాదం చుట్టూ నిదానంగా గీసింది. కాలు తీసి, ఆ నాలుగో నెంబరు బూటును గీత మీద పెట్టింది. రెండు పక్కలా సుద్దగీత బయటికి కనబడింది. "సూడు. గీత కనబడొద్దు. కనబడితె పెద్దది ఇయ్యాలె."

భవాని వంగి చూసింది. సారక్క చూడలేకపోయింది.

"తప్పు నాది బిడ్డా. నువ్వు అడిగినవు. నేనే ఇయ్యలే. ఇన్ని దినాలు ఎవ్వరికి చెప్పలే."

జమ్లి చెప్పులో కాలు దూర్చింది.

"నీ తప్పు లేదని అనను ఆయమ్మా. ఇంటికాడ మస్తు తిట్టుకున్న నిన్ను. గని నా కాలు చేతుల పట్టుకొని కొలిసింది గూడ నువ్వొక్కదానివే."

రోడ్డు మీద భద్రాచలం బస్సు హారను కొట్టింది. జమ్లి సారక్క చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకొని వదిలేసి, గేటు దాకా పరుగెత్తింది. పరుగు ఏం తగ్గలేదు.

చీకటి పడకముందే సారక్క మాస్టారి దగ్గరికి పోయి భవాని నెంబరు చెప్పింది. కదలకుండా అక్కడే నిలబడింది. "సార్, నిరుడు జమ్లికి చిన్న బూటు ఇచ్చింది నేనే. పిల్లకు ఓర్పు లేక గాదు."

వీరబాబు పెన్ను పక్కన పెట్టాడు. "అప్పుడే చెప్పకపోతివి సారక్కా. సెలెక్షనోళ్ళ కాళ్ళు మొక్కైనా రెండోసారి ఆడిపిద్దుం గద. ఇప్పుడు చెప్తె ఏం లాభం?"

సారక్క వచ్చి బూట్ల గది ఊడ్చింది. మూలమూలలా ఊడ్చి, మట్టి ఎత్తి పోసి, నడుమ జానెడు చోటు మాత్రం ముట్టుకోలేదు. అక్కడ సుద్దతో గీసిన కుడిపాదం ఒకటి, వేళ్ళు విచ్చుకొని, గుమ్మం వైపు తిరిగి ఉంది.