దిండు కింద ఎర్ర పోగు

ఈ ఉదయం కూడా మార్కండేయులు మడమలోంచి అలసట దారంగా బయటికి వస్తోంది. బూడిద రంగు, ఎనభయ్యో నంబరు నూలంత సన్నం. రోజూ దాన్ని పంటితో తెంపి, ఉండ చుట్టి, బియ్యం డబ్బాలో దాస్తాడు. డబ్బాలో బియ్యానికి చోటు లేక వారమవుతోంది.

మంచంమీదున్న భార్య భ్రమరాంబకి ఇది తెలియకూడదు. పక్షవాతం వచ్చి ఏడాదైంది; కుడిచెయ్యి, కుడికాలు ఆమె మాట వినవు. తనవల్లే మొగుడు అరిగిపోతున్నాడని తమ్ముడికి కబురు పెట్టింది. మధ్యాహ్నం అతను ఆటో తెచ్చి ఆమెను ఆశ్రమంలో చేరుస్తాడు. వద్దనడానికి మార్కండేయులికి నోరు రావడం లేదు. వద్దంటే, నువ్వు అలిసిపోలేదా అని అడుగుతుంది.

పక్క దులుపుతుంటే దిండు కింద తెగిన ఎర్ర పోగు కొస కనిపిస్తుంది. నలభై ఏళ్ల నేతగాడు. తెగిన పోగు చూస్తే వేళ్ళు ఊరుకోవు. మడమనుంచి వేలాడుతున్న తన దారంతో కలిపి ముడి వేసేస్తాడు. జావ కాయడానికి వంటింటివైపు నడవగానే భ్రమరాంబ మంచంతో సహా గుమ్మందాకా వస్తుంది.

"ఏందయ్యా, నన్నెక్కడికి లాగుతున్నావు?"

ఆ పోగు ఆమె మడమలోంచే వస్తోంది. అతను దిండు ఎత్తి చూస్తాడు. అన్నీ ఎర్రటి ఉండలు, డబ్బాలో వాటికంటే ఎక్కువ.

"పడుకునే ఉంటావు గదా, నీకేంది అలుపు?"

"పడుకుని నిన్ను చూడ్డం తేలికనుకున్నావా?"

అతను డబ్బాలోని తన ఉండలు కూడా తెచ్చి ఆమె ముందు పోస్తాడు. మార్కండేయులు మగ్గం గుంటలో దిగుతాడు. నిలువున బూడిద రంగు పడుగు, అడ్డంగా ఎరుపు పేక. భ్రమరాంబ ఎడంచేత్తో కండెలు చుడుతుంది. అలవాటు లేని చెయ్యి, వంకరగా వస్తాయి. అతను వాటినే అందుకుని నేస్తాడు.

మధ్యాహ్నానికి ఆరు గజాల బట్ట తయారవుతుంది. మంచంమీద పరచగానే అది ఒత్తిగిలి గురక పెడుతుంది. అతను ఆమెను ఎత్తి గుంట అంచున కూర్చోబెట్టి, పక్కన కూర్చుంటాడు.

"పోవాలనుందా?"

"అలిసిపోయానయ్యా. పోవాలని మాత్రం లేదు."

"నేనూ అలిసిపోయా," అంటాడు మొదటిసారి.

తమ్ముడు సాంబయ్య వచ్చి, మంచంమీది బట్టను రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తుకుంటాడు.

"ఎంత తేలికైపోయావక్కా," అని కళ్ళు తుడుచుకుంటాడు. "బావా, వెళ్ళొస్తాం."

మార్కండేయులు తలూపుతాడు. అతని భుజం వెనక భ్రమరాంబ ఊపిరి బిగబట్టి ఉంది.

ఆటో కదులుతుంది. ఆమె కాలి దగ్గర కొత్త పోగు మొలుస్తుంది. అతను తెంపడు, తన దానితో కలిపి ముడి వేస్తాడు. మలుపులో బట్ట మేలుకుని వాళ్ళవైపు చెయ్యి ఊపుతుంది. కుడి అంచు లేవదు కాబట్టి, ఎడమ అంచుతో.