కేశవన్ ఎడమచేతి పడవ

దామోదరం ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు కూర్చోమన్నా కూర్చోరు. గోడల వెంబడి నడుస్తూ పోతారు. తిరుత్తణిలో, సముద్రపు గాలి పొరపాటున కూడా రాని ఆ వీధిలో, ఆయన హాలు నిండా ఓడలు. తెరచాపల ఓడలు, పొగగొట్టాల ఓడలు, పాత మద్రాసు రేవులో అల మీద నిటారుగా లేచిన మసులా పడవలు. అన్నీ అచ్చు బొమ్మలే. కొన్ని పాత పుస్తకాల అంగళ్ళలో ఏరుకొచ్చినవి, కొన్ని ఓడల కంపెనీల పాత కేలండర్ల నుంచి జాగ్రత్తగా కోసి ఫ్రేము కట్టించినవి.

"మురుగన్ కొండ కింద కాపరముండి, మురుగన్ పటానికి వంటింట్లో చోటు వెతుక్కోవాల్సొచ్చె నాకు," అంటుంది ఆయన భార్య కుప్పమ్మ, వచ్చినవాళ్ళందరితో.

ఈ పిచ్చి ఆయనకు అత్తిపట్టులో పట్టుకుంది. అక్కడి థర్మల్ స్టేషన్లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, డ్యూటీ దిగాక బొగ్గు ఓడలు వచ్చే వైపు పోయి నిలబడేవాడు. ఆ రోజుల్లోనే పరిచయమైనాడు కేశవన్. తిరువళ్ళూరులో రైల్వే స్టేషన్ దగ్గర చిన్న ఇల్లు. నెలలో సగం దినాలు పులికాట్ వైపు పోయి జాలర్ల గుడిసెల్లో ఉండి, సముద్రాన్నీ పడవల్నీ గీసుకొచ్చేవాడు. ఇంటికి వచ్చి ఆ బొమ్మను మెత్తటి లినోలియం పలక మీద ఉలితో చెక్కి, నల్లసిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేవాడు. ఒక్కో బొమ్మకు కొన్ని ప్రతులు మాత్రమే తీసి, ప్రతి దాని కింద పెన్సిల్‌తో నంబరు వేసేవాడు.

ఒకటో నంబరు ఎప్పుడూ దామోదరానిదే. అదీ ఆయన గొప్ప. కేశవన్ పేరు ఎవరికీ తెలియని కాలంలో మొదటి బొమ్మ కొన్నది తానే. తర్వాత మద్రాసులో ప్రదర్శనలు పెట్టినా, పేపర్లో పేరు వచ్చినా, "కేశవన్ను కనిపెట్టింది నేను" అని దామోదరం పదిమందిలో అనేవాడు. కేశవన్ పక్కనే ఉంటే తల వంచుకుని నవ్వేవాడు.

అట్లాంటి కేశవన్ ఇంటికి చౌడయ్యను తనే తీసకపోయినాడు. చౌడయ్య ఆయన చెల్లెలు మునియమ్మ మొగుడు. ఆర్.కె.పేటలో విత్తనాల అంగడి. బొమ్మల గురించి ఏమీ తెలియదు.

"ఏమి బావా, దినమంతా ఈ ఓడల్ని చూస్తా కూచుంటావే. వీటిని చేసే ఆయప్పను నాకూ ఒకతూరి చూపీ," అని అడిగితే సరేనన్నాడు.

ఆ రోజు చౌడయ్య ఒక బొమ్మను చేతిలోకి తీసుకుని, "ఈ అలల మీద తెల్లగా ఉండేది పెయింటా సార్?" అని అడిగినాడు. దామోదరానికి తల తీసేసినట్టయింది.

"పెయింట్ కాదప్పా," అన్నాడు కేశవన్. "నేను చెక్కి తీసేసిన చోటు అది. అక్కడ సిరా అంటదు."

"అట్లైతే మీరు కష్టపడిన చోటంతా తెల్లగా, ముట్టకుండా ఇడిచిన చోటంతా నల్లగానా? మా అంగడి లెక్కకు తలకిందులు సార్ ఇది!"

కేశవన్ పగలబడి నవ్వినాడు. కళ్ళలో నీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వినాడు. లోపల్నుంచి ఆయన భార్య సెల్వి కూడా వచ్చి, ఏమైందని అడిగి నవ్వింది. ఇన్నేళ్ళలో కేశవన్ తన మాటకు అట్లా నవ్వింది దామోదరానికి ఒక్కసారీ గుర్తు లేదు. తిరుగు రైల్లో చౌడయ్య ఏదో చెబుతూనే ఉన్నాడు. ఈయన కిటికీ బయటికి చూస్తూ, వీణ్ణి ఎందుకు తీసకొచ్చినానా అనుకున్నాడు.

ఆ తర్వాత చౌడయ్య తనంతట తనే పోవడం మొదలుపెట్టినాడు. పోయిన ప్రతిసారీ దామోదరానికి ఫోన్ చేసి చెప్పేవాడు. ఏమి తిన్నారు, ఏమి మాట్లాడుకున్నారు, అన్నీ. దామోదరం ఊఁ కొట్టేవాడు. ఫోన్ పెట్టేశాక కుప్పమ్మ మీద దేనికో ఒకదానికి విసుక్కునేవాడు.

కేశవన్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దామోదరం ఆపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా తీసుకుని చూడబోయినాడు. మంచం పక్కన కూర్చుని, అలవాటుగా బొమ్మలు పెట్టే అలమర వైపు చూసి, "కొత్తవి ఏమన్నా ఉండాయా అన్నా?" అని అడిగినాడు. అడిగినాక గానీ తను అన్నదేమిటో తెలియలేదు. కేశవన్ లేదన్నట్టు తల ఊపినాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పోయినాడు. పలకలు లేని ఆ గదిలో ఏం మాట్లాడాలో తోచలేదు. పోవడం తగ్గించినాడు. తర్వాత మానేసినాడు. చౌడయ్య మాత్రం ప్రతి ఆదివారం అంగడి మూసి బస్సెక్కేవాడు.

కేశవన్ పోయినాడు. కర్మాంతరాలు అయిపోయిన కొన్నాళ్ళకు సెల్వి ఫోన్ చేసి, ఒకసారి వచ్చి పొమ్మన్నది. దామోదరం మంచి చొక్కా వేసుకుని బయలుదేరినాడు. మిగిలిన బొమ్మలు తనకే అప్పజెబుతుందన్న దాంట్లో ఆయనకు దారి పొడుగునా అనుమానమే రాలేదు.

సెల్వి ఒక అట్టల సంచి తెచ్చి చాప మీద విప్పింది. పైన ఉన్న బొమ్మను చూసి దామోదరం కళ్ళజోడు సర్దుకున్నాడు. ఒడ్డుకు లాగిన పడవ. పడవ అంచున ఒకతను కూర్చున్నాడు. ఇంకొకతను నిలబడి, రెండు చేతులా పడవ ముక్కు పట్టుకున్నాడు. వెనక సముద్రం. గీతలు వంకరపోయి, కొన్నిచోట్ల ఉలి జారి, అలలన్నీ చిందరవందరగా ఉన్నాయి. కేశవన్ పాత బొమ్మల్లో ఉండే నునుపు లేదు. అయినా ఆ నీళ్ళు ఇప్పుడే మీదికి వచ్చి పడేటట్టున్నాయి. ఇట్లాంటిది తన దగ్గర లేదని ఆయనకు చూడగానే తెలిసింది.

"ఎడమచేత్తో చేసినారు," అంది సెల్వి. "నాలుగైదు నెలలు పట్టింది. ఒకే ప్రతి తీసి, ఇంకోటి అచ్చు తియ్యకుండా పలకను నన్ను కోసెయ్యమన్నారు."

కింద పెన్సిల్ రాత, చిన్నపిల్లల అక్షరాల్లా పడుకుని ఉంది. ఒకటికి ఒకటి, అంటే ఉన్నదే ఒక్క ప్రతి. దాని పక్కన, 'చౌడయ్యకు, కేశవన్.'

"ఇదీ, ఈ సంచిలో ఉండే కాగితాలూ చౌడయ్యకు ఇమ్మన్నారు. ఆదివారం వస్తాడు కదా, తీసకపోతాడు. దానికి ముందర మీరు చూస్తారని పిలిచినా అన్నా."

దామోదరం కళ్ళజోడు తీసినాడు. "నా పేరేమన్నా ఎత్తినాడా వదినా?"

సెల్వి కొంచెం ఆలోచించింది. "దామోదరం దగ్గర అన్నీ ఉండాయి కదా, అన్నారు."

దామోదరం బొమ్మను తన వైపు తిప్పుకున్నాడు. మొదటి బొమ్మ కొన్నది నేను. నలుగురికీ చెప్పింది నేను. పెయింటా అని అడిగిన వాడికా ఇది? ఆ మాటలేవీ బయటికి రాలేదు. వచ్చినవి వేరే.

"చౌడయ్య మంచోడే వదినా. కానీ అంగడి మనిషి. మహాబలిపురం పక్కన ఎవరో రిసార్టు కడతా ఉండారంట. గోడలకు ఇట్లాంటి బొమ్మలు కావాలంట. వాళ్ళతో మాట్లాడతా ఉండాడని విన్నా."

రిసార్టు మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఎప్పుడో ఒకసారి చౌడయ్యే, ఇవి రిసార్టుల్లో పెడితే ఎంత బాగుంటాయి బావా, అని నవ్వుతూ అన్నాడు. అంతే. దానికి మిగతాదంతా దామోదరం అక్కడికక్కడే అతికించినాడు.

సెల్వి చెయ్యి సంచి మీదే ఆగిపోయింది. "అమ్ముతాడా?"

"నేనేం చెప్పేది. తెలిసింది చెప్పినా."

ఆమె కాగితం మీది అక్షరాలను ఇంకోసారి చదివింది. తర్వాత సంచి మూసి, దారం కట్టి, ఆయన వైపు జరిపింది. "మీరే పెట్టుకోండి. మీరైతే అమ్మరు."

రైల్లో ఆ సంచిని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు దామోదరం. అరక్కోణం దాటేదాకా మనసు గాల్లో తేలింది. ఫ్రేము కట్టేవాడి దగ్గర మాత్రం, బొమ్మ చుట్టూ వేసే తెల్ల అట్టను కింద ఇంకొంచెం వెడల్పుగా పెట్టమన్నాడు. చౌడయ్య పేరు అట్ట కిందికి పోయింది. హాల్లో నడిమధ్య, రాగానే కనిపించే చోట తగిలించినాడు.

చౌడయ్య వస్తే ఏం చేస్తాడో చూడాలని ఆయనకు లోలోపల ఆత్రం. తనకు మండినట్టే వాడికీ మండాలి. ఒక పండగ దినం చౌడయ్య మునియమ్మను వెంటబెట్టుకుని వచ్చినాడు. చెప్పులు విడుస్తూనే ఆ బొమ్మను చూసి ఆగిపోయినాడు.

"బావా! ఇది నీకిచ్చినాడా?" అతని మొహమంతా వెలిగింది. "మంచిపని చేసినాడు. నీ దగ్గరైతే బద్రంగా ఉంటాది. అబ్బ, ఎంత బాగొచ్చింది చూడు! చెక్కేటప్పుడు పలక జారిపోతా ఉంటే రెండు చేతులా నేనే పట్టుకున్నా. ఈ నిలబడినాయన ఉండాడే, అది నేనంట. ఆయప్పే చెప్పి నవ్వినాడు."

"మరి కూర్చున్నాయన?" అడిగింది కుప్పమ్మ.

"ఇంకెవరక్కా, ఆయప్పే."

దామోదరం బొమ్మ వైపు చూశాడు. అన్నాళ్ళూ అలల్నీ గీతల్నీ చూశాడు గానీ, మనుషులెవరని ఆలోచించలేదు. అందులో మూడో మనిషి లేడు.

భోజనాలయ్యాక చౌడయ్య ఆయన్ను వసారాలోకి పిలిచినాడు. "బావా, సెల్వి వదినకు నా మీద ఏమన్నా కోపమా? పోయినవారం పోతే వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపించేసింది. కాఫీ కూడా ఇయ్యలే. ఫోన్ చేస్తే ఎత్తదు. నేనేమన్నా తప్పు చేసినానా? నువ్వు ఒక మాట అడిగి చూడవా?"

"అడుగుతాలే," అన్నాడు దామోదరం.

అడగలేదు. చౌడయ్య రెండుమూడుసార్లు ఫోన్ చేసినాడు. ఆమె ఇంకా దుఃఖంలో ఉంది, కొన్నాళ్ళు పోనీ, అని చెప్పినాడు. తర్వాత మునియమ్మ ఫోన్ చేసింది. "ఆదివారం వస్తే ఈయప్ప అంగట్లోనే కూచుండిపోతా ఉండాడన్నా. యాడికన్నా పోయి రాకూడదా అంటే పలకడు. నువ్వన్నా ఒకతూరి మాట్లాడు."

బొమ్మ తనదైతే చల్లారిపోతుందనుకున్న మంట చల్లారలేదు. ఇప్పుడది ఇంకో దారి పట్టింది. హాల్లోకి పోయినప్పుడంతా, పడవ ముక్కు పట్టుకున్న ఆ రెండు చేతులే కనిపించేవి. ఆ గదిలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారో, ఎన్నిసార్లు నవ్వుకుని ఉంటారో అని ఊహించుకుంటూ కూర్చునేవాడు. తన గోడ మీదే ఉండి, తనది కాని బొమ్మ అది. ఒక మధ్యాహ్నం దాన్ని దించి, వెనక మేకులు ఊడబీకి, అట్ట తీసి, ఆ పేరు మళ్ళీ చదివినాడు.

"ఇందులో చౌడయ్య పేరుంది!" అంది కుప్పమ్మ, వెనక నిలబడి. ఆయన అట్టను మళ్ళీ ఆ పేరు మీదికి జరిపినాడు. ఆమె ఆయన మొహం చూసి, "ముందు సెల్వి దగ్గరికి పోండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన పోయి చెప్పిందంతా సెల్వి విన్నది. కేకలు వెయ్యలేదు. చివర్లో మాత్రం అంది, "మీకు ఇయ్యడానికి మనసు రాక కాదన్నా. చూడ వచ్చినప్పుడంతా మీరు అలమర వైపు చూస్తిరి. మంచంలో పడుకుని ఆయన మిమ్మల్ని చూస్తా ఉండిరి." తర్వాత లేచింది. "చౌడయ్యకు నేను చెప్పను. మీరే పోయి చెప్పండి."

ఆర్.కె.పేట అంగట్లో చౌడయ్య ఎవరికో వేరుశనగ విత్తనం తూచి ఇస్తున్నాడు. ఆ మనిషి పోయేదాకా ఆగి, దామోదరం సంచి బల్ల మీద పెట్టి చెప్పినాడు. రిసార్టు మాట చెప్పినాడు. అట్ట మాట కూడా చెప్పినాడు.

చౌడయ్య బొమ్మ కింది పేరు మీద వేలు పెట్టినాడు.

"అడిగింటే ఇచ్చేసి ఉందును కదా బావా."

దామోదరం సంచిని అతని వైపు జరిపినాడు.

"బొమ్మ పోతే పోనీ," అన్నాడు చౌడయ్య. "ఆయమ్మ ముందర నన్ను అమ్ముకునేవాణ్ణి చేసినావే. ఇన్ని వారాలు నేను తలకిందులైపోతా ఉంటే, అడుగుతాలే అడుగుతాలే అంటివి. పో బావా. ఇప్పుడు నాతో మాట్లాడొద్దు."

లోపల్నుంచి మునియమ్మ అన్నం తినిపొమ్మని పిలిచింది. దామోదరం బస్టాండుకు నడిచినాడు. బస్సులో కూర్చున్నాక, ఆ బొమ్మను చౌడయ్య ఏ గోడకు తగిలిస్తాడో, ఆ ఇంట్లో మంచి వెలుతురు పడే గోడ ఒక్కటైనా ఉందో లేదో అని ఆలోచన వచ్చింది. సిగ్గేసింది. అయినా ఆ ఆలోచన ఆగలేదు.

వానాకాలం వచ్చింది. చౌడయ్య నుంచి ఫోన్ లేదు. ఒకరోజు సెల్వి పిలిచింది. ముందుగది ఒక టైలరుకు బాడిగకు ఇస్తున్నదంట, సామాన్లు వెనక్కి జరపాలంట.

దామోదరం పోయేసరికి చౌడయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. పంచె ఎగగట్టి, పాత డబ్బాలన్నీ సర్దేసినాడు. సెల్వి అతణ్ణి పేరు పెట్టి పిలుస్తూ, అది ఆడ పెట్టు, ఇది ఈడ పెట్టు అని పని చెబుతోంది. తమ్ముడికి చెప్పినట్టు చెబుతోంది. దామోదరానికి మాత్రం కుర్చీ వేసి, "కూర్చోండన్నా, కాఫీ తెస్తా," అన్నది. పాత మంట మళ్ళీ గుండెలో కదిలింది. తనకు కుర్చీ, వాడికి పని.

ఆయన కూర్చోలేదు. చొక్కా చేతులు మడుచుకుని, కేశవన్ కూర్చుని చెక్కిన టేకు బల్ల దగ్గరికి పోయినాడు. చౌడయ్య ఆ చివర, ఈయన ఈ చివర పట్టుకున్నారు. బరువుగా ఉంది. వెనకగది వాకిలిదాకా వచ్చేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

"గడప ఉంది, చూసుకో," అన్నాడు చౌడయ్య. బావా అనలేదు.

దామోదరం చూసుకుని, బల్ల దించకుండా, వెనక్కి అడుగు వేసి గడప దాటినాడు.