భారం నీదే, పెద్దాయనా

అమెరికాలో ఎమ్మెల్యే అంటే మనవాళ్లు ఏదేదో ఊహించుకుంటారు గానీ, అంత లేదండీ. గన్‌మెన్ ఉండరు, కాన్వాయ్ ఉండదు. తన కారు తనే నడుపుకుంటూ, ఫ్లాస్కులో కాఫీ తనే పోసుకుంటూ శాసనసభకి వెళ్లాలి. రాధారాణి అలాగే వెళ్లింది. పాతికేళ్లు మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేసిన మనిషి. 2009లో వాల్టర్ అనే ముసలాయన పదవిలో ఉండగానే పోతే, ఉప ఎన్నికలో నిలబడి గెలిచింది. ఏ రాష్ట్రమో అడక్కండి, చెప్పను.

ఇంటింటికీ తిరిగి ఆమెను గెలిపించింది స్నేహితురాలు వసంతలక్ష్మి. పాపం, ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి.

"రాణీ, మన కౌంటీ హాస్పిటల్‌లో డయాలసిస్ యూనిట్ క్లోజ్ చేస్తారంటున్నారే. అది పోతే వారానికి మూడుసార్లు తొంభై మైళ్లు డ్రైవ్ చేయాలి. నావల్ల అవుతుందా చెప్పు?"

"నేనుండగా క్లోజ్ చేయనిస్తానా?" అని చేతిలో చెయ్యేసి మాటిచ్చింది రాధారాణి.

ప్రమాణ స్వీకారం రోజున తన బల్ల సొరుగు లాగితే లోపలి చెక్క మీద వాల్టర్ సంతకం కనబడింది. సొరుగులో సంతకం చేయడం ఆ సభలో ఆచారం. ఊరికే సంతకం పెట్టి కూర్చోడానికి ఈవిడకి మనసొప్పలేదు. చచ్చిపోయిన మనిషి కుర్చీ మరి! హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ పొట్లం తీసి, ఆ సంతకానికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. "పెద్దాయనా, నాకేం తెలీదు. భారం నీదే" అంది.

మనం దేవుడికి రోజుకి పదిసార్లు చెప్పే మాటే. కానీ ఆయన దేవుడు కాదే! ప్రభుత్వం ఎవరికైనా సాయం చేస్తుందంటే పాము కరిచినట్టు అదిరిపడి, అలాంటి ప్రతి బిల్లుకీ 'నో' కొట్టిన ఘనుడు.

అక్కడ ఓటంటే బల్ల మీది బటన్ నొక్కడం. ఆకుపచ్చది అవును, ఎర్రది కాదు. ఎదురుగోడ మీది బోర్డులో పేరు పక్కన అదే రంగు దీపం వెలుగుతుంది. ఎవరైనా లేచి బయటికెళ్తే వాళ్ల బటన్ పక్కవాళ్లు నొక్కేయడం ఆ సభలో మామూలే.

ఒకరోజు రాధారాణి బాత్రూమ్‌కి వెళ్లొచ్చేసరికి తన పేరు పక్కన ఎర్రదీపం వెలుగుతోంది. పక్క సీటు కార్ల్‌కి థాంక్స్ చెప్పింది. ఆయన అయోమయంగా చూశాడు. "నేనూ ఇప్పుడే వచ్చాను. నువ్వే నొక్కి వెళ్లావనుకున్నాను."

ఆమె బటన్ మీద వేలు పెట్టి చూసింది. ఎవరో అప్పుడే చెయ్యి తీసినట్టు వెచ్చగా ఉంది. చటుక్కున వేలు వెనక్కి లాక్కుంది.

భయపడి బుద్ధి తెచ్చుకుందా? అబ్బే! నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఏ బటన్ నొక్కినా ఎవరో ఒకరు తిట్టే బిల్లు వస్తే చాలు, మెల్లగా లేచి కారిడార్‌లోకి జారుకునేది. ఎవరైనా నిలదీస్తే "నేను సీట్లో లేనండీ" అనేది. కుర్చీ ఎప్పటిలాగే ఎర్రదీపం వెలిగించేది, ఖర్చంటే గిట్టని పార్టీ పెద్దలు మెచ్చుకునేవాళ్లు. భర్త దామోదర్ అయితే "ఉద్యోగం నీది కాదోయ్, ఆ కుర్చీది" అని ఆటపట్టించేవాడు. ఈవిడ నవ్వేసేది. రెండేళ్లు అలా గడిచిపోయాయి.

2011 ఏప్రిల్లో ఆ హాస్పిటల్ బిల్లు ఓటింగుకి వచ్చింది. పాసైతేనే యూనిట్ నిలుస్తుంది. ఆ రోజు రాధారాణి సీట్లోంచి కదల్లేదు. పైన గ్యాలరీలో, డయాలసిస్ సూదులు గుచ్చిన చేతికి కట్టుతో వసంతలక్ష్మి కూర్చుని, కిందికి చూసి నవ్వింది.

రాధారాణి ఆకుపచ్చ బటన్ నొక్కింది. బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ ఎరుపే. మూడోసారి నొక్కితే బటన్ దిగనేలేదు. అడుగునుంచి ఇంకో వేలు ఎదురు తోస్తోంది. సొరుగు దానంతటదే రెండంగుళాలు తెరుచుకుంది. రెండేళ్లనాటి కుంకుమ బొట్టు ఇంకా తడిగానే ఉంది.

"పెద్దాయనా, తప్పయిపోయింది. నా ఓటు నాకిచ్చెయ్" అని గొణిగింది.

యంత్రం మొరాయిస్తే లేచి నోటితో చెప్పొచ్చని రూలుంది. లేచి నిలబడింది. "మీ ఓటేమిటి?" అని స్పీకర్ అడిగాడు. సభంతా ఇటు తిరిగింది. ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, 'ఎస్' అనడానికి నోరు తెరిచింది.

"నో."

అది ఆమె గొంతు కాదు. పొగాకు నమిలి నమిలి బొంగురుపోయిన ముసలి మగగొంతు. పక్కన కార్ల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "వాల్టర్?" అన్నాడు.

ఒక్క ఓటు తేడాతో బిల్లు ఓడిపోయింది.

గ్యాలరీలో వసంతలక్ష్మి మొహంలో నవ్వు పోయింది. కాసేపు స్నేహితురాలినే చూసింది. తర్వాత బ్యాగు భుజాన వేసుకుని, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగసాగింది.

వసంతా, అది నేను కాదే, అని అరుద్దామనుకుంది రాధారాణి. నోరు తెరిచింది. ఏ గొంతు వస్తుందోనని భయమేసి, మళ్లీ మూసుకుంది.