ఆరబెట్టే ఇరవై నిమిషాలు

మా వదినకి నిద్రపోవడానికి మంచం అక్కర్లేదు. ఆ వారం రోజుల్లో ఆమె నిలబడి నిద్రపోవడం చూశాను, సంతకం పెడుతూ నిద్రపోవడం చూశాను, నన్ను తిడుతూ తిడుతూ మధ్యలో ఆగి నిద్రలోకి జారిపోవడం కూడా చూశాను. మా పని ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో. ఆపరేషన్లకి వాడిన కత్తులూ కత్తెరలూ కడిగి, సెట్లుగా గుడ్డలో చుట్టి, ఆవిరి మెషీన్లో పెట్టి, ఆరాక చిన్న లిఫ్టులో పైకి పంపిస్తాం. ఆ మెషీన్ని అందరూ ఏనుగు అంటారు, తలుపు తీసినప్పుడు అది అంత పెద్దగా ఊపిరి వదులుతుంది. ఇద్దరు మానేశారు, వాళ్ళ బదులు ఎవరూ రాలేదు, అందుకని వాళ్ళ షిఫ్టులు కూడా మా నెత్తినే పడ్డాయి.

వదిన ఇన్‌చార్జి. మోకాళ్ళు అరిగిపోయాయి. బట్టల స్టోరులో కూర్చుని చేసే పనికి మార్చమని ఏడాదిగా అడుగుతోంది, ఆ కాగితం మీద ఈ వారమే సంతకం అవుతుందట.

"ఈ ఒక్క వారం ఏ గొడవా రానివ్వకు తల్లీ, నీకు పుణ్యముంటుంది," అంది సోమవారం.

పుణ్యం అనేది నన్ను ఏడిపించడానికి. నాలుగు నెలలుగా నేను ఆదివారం బౌద్ధం క్లాసుకి వెళ్తున్నాను, పంచశీలాలు తీసుకున్నాను, ఇంట్లో అందరికీ చెప్పి చంపుతున్నాను. "మీ చెల్లెలు దోమ వాలినా దండం పెట్టి పంపిస్తోంది," అని అన్నయ్యతో అంటుంది వదిన. "అబద్ధం ఆడదట. మరి నిన్న నా వంట బాగుందందేం?"

బుధవారం పొద్దున తొమ్మిదికి పైనుంచి ఫోను. "ఎముకల ఆపరేషన్ సెట్టు ఏదీ? పేషెంటుని బల్లమీద పడుకోబెట్టేశాం," అంది థియేటర్ సిస్టర్. ఆవిరి పట్టడం అయిపోయింది, ఆరబెట్టడం మిగిలింది, దానికి ఇరవై నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో ఫోను మళ్ళీ మోగితే నేను ఏనుగుని ఆపేసి తలుపు తీశాను. సెట్టు అడుగున చెయ్యి పెడితే గుడ్డ తడి తగిలింది, చెమట పట్టిన అరచేయిలా. తడి ఉంటే మొత్తం మొదటినుంచి చెయ్యాలి, మాకు మొదటి రోజు నేర్పేదే అది, తడిగుడ్డలోంచి క్రిములు లోపలికి పోతాయి, తర్వాత ఆరినా అవి బయటికి రావు. నాకు తెలుసు. తెలిసే, ఒక అట్టముక్క తీసుకుని రెండు నిమిషాలు విసిరాను. ఆరిపోయింది. చూస్తే ఏ తేడా లేదు.

"పొడిగా ఉందా?" అంది వదిన సగం మూసిన కళ్ళతో.

"ఉంది."

సంతకం పెట్టింది. సెట్టు పైకి వెళ్ళిపోయింది.

మా క్లాసు చెప్పే తాతగారు ఒకప్పుడు టైలరు. ఏ పనైనా చేసేముందు చూసుకో, చేస్తూ చూసుకో, చేశాక చూసుకో అంటారు. చేశాక తప్పని తెలిస్తే దాచకుండా నోరు విప్పి ఎవరికైనా చెప్పమంటారు. ఎవరికీ ఏమీ కాకపోతేనో అని నేనే ఒకసారి అడిగాను. "ఏమీ కాకపోవడం నువ్వు చేసిన పని కాదమ్మా, నువ్వు చేసింది వేరే ఉంది," అన్నారు. ఆ మాట నాకెంత నచ్చిందంటే అద్దం మీద రాసి అంటించుకున్నాను.

"వదినా, అది తడిగా ఉంది," అన్నాను.

"ఏది?"

"సెట్టు. అట్టతో విసిరి ఆరబెట్టాను."

వదిన కళ్ళు తెరిచింది. "ఆరింది కదా. కూర్చో."

"పైకి చెప్పాలి."

"చెబితే ఎవరి పేరు రాస్తారు? నీ నియమం నిలబెట్టుకోవడానికి నా మోకాళ్ళు కావాల్సొచ్చాయా?"

ఆమె అన్నది నిజమే. పైన బల్లమీద ఉన్నది ఎవరో, ఎవరి ఎముకో, అదీ నిజమే. ఫోను తీశాను. వదిన ఆపలేదు, గోడవైపు తిరిగింది.

"ఆ సెట్టు విప్పకండి సిస్టర్. తడి మీద తీశాను."

"ఇప్పుడా చెప్పేది? ఇంకా కొయ్యలేదు కాబట్టి సరిపోయింది. సంతకం ఎవరిది?"

"మా ఇన్‌చార్జిది. పొడిగా ఉందని నేను అబద్ధం చెబితే పెట్టింది."

"అదంతా నాకెందుకమ్మా. రిపోర్టులో సంతకం పేరే వెళ్తుంది."

సెట్టు కిందికి వచ్చింది. ఇద్దరం పక్కపక్కన నిలబడి మళ్ళీ కడిగాం, తుడిచాం, చుట్టాం. ఏనుగు ఆవిరి పడుతుండగా సూపర్‌వైజరు దిగి వచ్చి రిజిస్టరు పేజీ ఫొటో తీసుకున్నాడు. నేను జరిగిందంతా చెప్పాను, విన్నాడు, నా పేరు కూడా రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "మీ బదిలీ కాగితం ఇప్పట్లో కదలదమ్మా, ఏమనుకోకండి," అన్నాడు వదినతో. వదిన తల ఊపింది.

ఆరబెట్టే లైటు వెలిగింది. వదిన ఒక స్టూలు మీద కూర్చుని ఇంకో స్టూలు మీద కాళ్ళు చాపుకుంది.

"తిట్టు వదినా," అన్నాను.

"ఓపిక లేదు. రేపు తిడతాను, గుర్తుచెయ్యి."

అంతే, నిద్రపోయింది. నేను నిలబడి ఇరవై నిమిషాలూ గడియారం చూశాను. ఫోను రెండుసార్లు మోగింది, ఇంకా ఆరలేదని చెప్పి పెట్టేశాను. టైమయ్యాక తలుపు తీస్తే ఏనుగు ఊపిరి వదిలింది, అడుగున చెయ్యి పెట్టి చూశాను, నాలుగు మూలలూ చూశాను, పొడిగా ఉంది. రిజిస్టరు తీసుకెళ్ళి వదినని లేపాను.

"పొడిగా ఉందా?"

"ఉంది."

ఎప్పుడూ అయితే కూర్చున్నచోటే సంతకం పెట్టేది. ఈసారి కాళ్ళు కిందికి దించి, బల్ల పట్టుకుని, ఒక్కో మోకాలూ కూడదీసుకుంటూ లేచింది. సెట్టు దగ్గరికి నడిచి, అడుగున తన చెయ్యి పెట్టి చూసింది. తర్వాత పెన్ను ఇమ్మంది.