తొమ్మిదో భాగంలో మొగిలి

ఆటోను మా గేటుకు అడ్డంగా నిలిపి, దిగకుండానే అన్నాడు ఆ మనిషి: "సార్, మా అమ్మ సంచి సదురుకొని ఎల్లిపోయింది. మీరు రాసిన అడవికి."

మధ్యాహ్నం రెండున్నర. తార్నాకలో, భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాబోటివాడి గేటు ముందు నిలబడి అరిచేవాళ్లు సాధారణంగా నేను గుట్టు బయటపెట్టిన బాబాల భక్తులు. ఇతను అరవలేదు. పేరు సామేలన్నాడు, వారాసిగూడలో ఉంటానన్నాడు, ఇన్నయ్య కొడుకునన్నాడు. ఆ చివరి మాటకు నేను వరండాలోంచి లేచాను.

ఇన్నయ్య మా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర శాఖకు అడవుల్లోంచి మొక్కలు సేకరించి తెచ్చేవాడు. 1999 ఆగస్టులో ఒంటరిగా నల్లమలలోకి వెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. అతన్ని నేనెన్నడూ చూడలేదు. ఎండుమొక్కలు అతికించిన అట్టలపై అతని చేతిరాతను మాత్రమే చూశాను. ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో నేను రాస్తున్న సాహస నవల ఆ చేతిరాతలోంచి పుట్టింది. ముందుమాటలో అతని పేరు చెప్పి, కథానాయకుడికి మొగిలి అని పెట్టాను. తొమ్మిదో భాగంలో, మొగిలి ఇంకా బతికే ఉన్నాడనీ, మన్ననూరు దాటాక ఒక వాగు అవతల గుడిసె వేసుకున్నాడనీ రాశాను.

"అది కథ," అన్నాను.

"నాకు తెల్వదా సార్? ఆమెకు చెప్పుండ్రి. శుక్రవారం గుండె ఆపరేషన్. వాల్వు ఖరాబైంది. నాలుగు మెట్లెక్కితే ఊపిరాడదు. ఆదివారం ఆదివారం నేనే చదివి ఇనిపించిన, నా బుద్ధి గడ్డి తిని. 'ఆ సారు రుజువు లేంది అక్షరం రాయడు, బాబాలందరిని ఉతికిండు' అంటది. ఐదింటికి శ్రీశైలం బస్సు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"డిపార్ట్‌మెంట్ కాడ. ఆయన పనిచేసిన జాగ ఒకసారి చూసి పోతదంట."

ఆటో తార్నాక చౌరస్తా దాటాక సామేలు వెనక్కి తిరగకుండానే అన్నాడు: "సచ్చిపోయిండని చెప్పుండ్రి సార్. ఫారెస్టోళ్లకు ఎముకలు దొరికినయని చెప్పుండ్రి. మీ మాటైతే నమ్ముతది."

"అతను చనిపోయాడని నాకు తెలియదు కదా."

"మరి బతికిండని తెల్సా?"

ఆటో క్యాంపస్ చెట్ల నడుమకు మళ్లింది.

సామేలు తల్లి బాలలక్ష్మి వృక్షశాస్త్ర శాఖ మెట్ల మీద సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. అరవై దాటిన మనిషి. పెదవుల రంగు చూస్తే వైద్యుడు కానివాడికైనా భయం వేస్తుంది.

"మీరే వచ్చిన్రా సార్," అంది. "వాగు పేరొక్కటి రాయలేదు మీరు. అది చెప్తే చాలు, పోత."

"ఆ వాగు లేదమ్మా. నేను కల్పించాను."

రహస్యం దాస్తానని ఎవరికో మాట ఇచ్చినవాణ్ని చూసినట్టు నన్ను చూసి నవ్వింది. "చెప్పులేసుకునే ముందర ఎడమది మూడుసార్లు నేలకు కొడతడని రాసిన్రు. అది నాకు, ఆయనకు తప్ప ఎవరికి తెల్సు?"

"తేలుకు లెక్కలు రావమ్మ, రెండుసార్లు కొట్టినా పోతది," అన్నాడు సామేలు.

"నువ్వు నోర్ముయ్."

అడవిలో తిరిగే ప్రతివాడూ తేలు ఉంటుందేమోనని చెప్పు దులుపుతాడు. మూడు అన్నది వాక్యం నడక కోసం నేను వేసిన అంకె. తొమ్మిది భాగాల్లో నేను రాసిన వందల వివరాల్లో తగిలిన ఒక్కదాన్నే ఆమె పట్టుకుంది. బాబాలు బతికేది సరిగ్గా ఈ పద్ధతిలోనేనని నలభై ఏళ్లుగా సభల్లో వివరించినవాణ్ని నేను.

"తగలనివి చూద్దాం," అన్నాను. "మొగిలి కృష్ణానది ఈదాడు. మీ ఆయనకు ఈత వచ్చా?"

"నీళ్లంటే భయం." సంచి దగ్గరకు లాక్కుంది. "ఇరవై ఆరేండ్లాయె. నేర్చుకొని ఉండొచ్చు."

"మొగిలి చుట్ట తాగుతాడు."

"మా ఆయన ముట్టలే. గా అడవి చలికి అలవాటైందేమో."

నేను చూపిన ప్రతి చిల్లుకూ ఆమె దగ్గర అతుకు సిద్ధంగా ఉంది. నాలుగు కావస్తోంది. ఆమె స్తంభం పట్టుకొని లేచి నిలబడింది. ఆ కాస్త శ్రమకే ఊపిరి ఈల వేసింది. వెనకనుంచి సామేలు నా మోచేయి నొక్కాడు. ఎముకలు దొరికాయి. రెండే మాటలు. అవి నాలుక చివరిదాకా వచ్చాయి. చెబితే సంచి దిగుతుంది, శుక్రవారం దక్కుతుంది.

వాటికి బదులు ఇంకా క్రూరమైనది అడిగాను.

"మొగిలి ఇరవై ఆరేళ్లు ఆ గుడిసెలో సుఖంగా ఉన్నాడమ్మా. ఇంటికి ఒక్క కబురు పంపలేదు. ఎందుకు పంపలేదో నేను రాయలేదు, నాకు తట్టలేదు. మీ ఆయన అట్లాంటి మనిషా?"

కూర్చోమ్మా అన్న కొడుకు మాట విననట్టే నిలబడింది.

"సామేలు కడుపుల ఉన్నప్పుడు," అంది చివరికి, "దేవరకొండ కాడ బస్సు ఆగిపోయింది. రాత్రికి రాలేనని చెప్పనీకె పోలీస్ టేషన్ల బతిమిలాడి ఈ డిపార్ట్‌మెంటుకు ఫోన్ కొట్టిచ్చిండు. ఇక్కడి వాచ్‌మెన్ మా ఇంటికొచ్చి చెప్పిపోయిండు. ఒక్క రాత్రికి." మళ్లీ ఊపిరి తీసుకుంది. "బతికుంటే నన్ను ఇడిసిపెట్టినట్టే గద సార్."

"అతనేమయ్యాడో నాకు తెలియదమ్మా."

"నాకు తెల్సు," అంది. మెట్టు మీద కూర్చొని, సంచి తీసి కొడుకు చేతికిచ్చింది. "దవాఖానకు ఫోన్ చెయ్యి. శుక్రవారం వస్తున్నమని చెప్పు."

సామేలు ఫోను పట్టుకొని చెట్ల వైపు గబగబా నడిచాడు, మాట మార్చుకుంటుందేమోనన్నట్టు. ఆమె నా వైపు తిరిగింది.

"వచ్చే ఆదివారం దాక నేనుంటనో ఉండనో. ఇప్పుడే, ఇక్కడనే రాయుండ్రి. సంపెయ్యుండ్రి ఆయన్ని."

"అది కూడా కల్పనే అవుతుందమ్మా."

"తెల్సు. బతికిచ్చింది మీరే గద."

జేబులోంచి చిన్న పుస్తకం తీశాను. గుట్ట దిగుతూ మొగిలి కాలు జారాడని మూడు వాక్యాలు రాసి, చదివి వినిపించాను. కళ్లు మూసుకొని విన్న ఆమె తల అడ్డంగా ఊపింది.

"గింత జల్ది గాదు సార్. ఇంకొంచెం దూరం నడవనియ్యుండ్రి."